చౌడప్ప వన్స్‌మోర్

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ ఏళ్ళలో, ఎమ్మిగనూరులో చౌడప్ప మగ్గం పద్యానికే ఆడేది. నాటకాల ఓబులేసు పాడే పద్యం ఎత్తుకుంటే కాళ్ళు వాటంతటవే తొక్కేవి. రాగం తీసేచోట మాత్రం అటూ ఇటూ పోగు లాగే నాడె చేతిలోనే ఆగిపోయేది. ఓబులేసును స్టేజీ మీద తప్ప చూడలేదు గానీ, ఆయన ఇద్దరు పిల్లల పేర్లు, ఆయన ఉల్లిగడ్డ ముట్టడన్న సంగతి సొంత తమ్ముడి ముచ్చటల్లే చెప్పేవాడు. ఒకసారి ఆయన భార్య లక్ష్మీదేవమ్మకని ఎర్రంచు చీర నేసి, చంకన పెట్టుకుని వాళ్ళ ఊరు కమలాపురం పోయాడు.

ఓబులేసు పేరెత్తగానే, తలుపు తీసిన లక్ష్మీదేవమ్మ చీర వైపు చూడనేలేదు. "ఆయప్పను యాడ చూసినావన్నా? ఈడికొచ్చి మూడేండ్లాయ."

"మొన్న ఆదోనిలోనమ్మా. శానా బాగా పాడినాడు. ఒక్కో పద్యం నాలుగుమార్లు పాడిచ్చుకుంటిమి" అన్నాడు చౌడప్ప సంబరంగా.

"మీరంతా అట్ల వన్స్‌మోర్ అంటాంటే ఆయప్పకు ఇల్లెట్ల గుర్తొస్తాదన్నా?" అందామె, కోపం లేకుండా.

చీర గడప మీద పెట్టి వచ్చేశాడు. ఆ నెలలోనే ఓబులేసు నాటకం ఎమ్మిగనూరుకు వచ్చింది. ఇక నోరు మెదపనని ఒట్టు పెట్టుకుని, చౌడప్ప తువ్వాలు నోట్లో కుక్కుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పద్యం ముగిసింది. తువ్వాలు ఒళ్ళో పడింది. అందరికంటే ముందు లేచిన గొంతు చౌడప్పదే.