గొళ్లెం ఉన్న వంతెన

శామీర్‌పేట వైపు మోరీల మీద, వాగుల మీద జనం తమకు తాముగా వేసుకున్న చిన్న చిన్న వంతెనలను మ్యాపులోకి ఎక్కించే పిచ్చి నాకుంది. అది ఎవరైనా గీయగలిగే, ఎవరైనా దిద్దగలిగే మ్యాపు. జీతం లేదు, పేరూ లేదు. ఆదివారం ఎండలో బయల్దేరితే మా ఆయన "నీకేం పనీ పాటా లేదా?" అంటాడు. పెద్ద రోడ్లను అందరూ గీస్తారు. మోరీ మీద పరిచిన బండను ఎవరు గీస్తారు చెప్పండి? అది లేకపోతే పాలకు పోయే మనిషి ఊరంతా చుట్టు తిరగాలి.

ఆ వంతెనల్లో ఒకటి తలుపు. నిజం తలుపే. మా మేనత్త ఇంటి తలుపు.

అత్తది చేపలమ్మే బతుకు. ఒక్కడే కొడుకు, నాకు బావ. చెరువు నిండి మత్తడి మీదుగా నీళ్లు దూకిన ఏడాది, వల తెచ్చుకుంటానని వాగు దాటబోయి మళ్లీ కనిపించలేదు. శవం దొరకలేదు కనుక అత్త కర్మ చేయనివ్వలేదు. తర్వాత రోడ్డు వెడల్పులో ఇల్లు పోయింది. తలుపును పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. అత్త మచ్చబొల్లారంలో ఉండే మా నాయిన దగ్గరికి వచ్చేసింది.

ఒకరోజు చేపల గంప దించకుండానే వాకిట్లో నిలబడి, "మన తలుపు దొరికింది తమ్మీ," అంది. కొత్త వెంచర్ గోడ వెనకాల కాలువ మీద పరిచారట. కూలీలు దాటుతుంటే గొలుసు గొళ్లెం మోగిందట. కంటితో చూడకముందే గుర్తుపట్టిందట.

నాయినకు ఒళ్లు మండింది. "తలుపు దొరికితే ఏంది? పోరడు దొరికిండా?" అనేశాడు. ఆ మాట అన్నందుకు ఆ పూట ఆయనే అన్నం ముట్టలేదు. అత్త మాత్రం మూట కట్టుకుని పోయి, ఆ కాలువ పక్కనే రేకుల గది కిరాయికి తీసుకుంది.

నేను దాన్ని మ్యాపులో ఎక్కించడానికి పోయింది ఆ తర్వాతే. వంతెన దేనితో చేశారని ఫోన్ అడిగింది. చెక్క అని పెట్టాను. తలుపు అని పెట్టే వీలెక్కడిది! పైనుంచి తీసిన ఫొటోలో తుమ్మచెట్లే కనిపిస్తాయి కదా, మేం గీసినవి సరిచూసే ఒకతను, ఏ దేశంలో ఉంటాడో మహానుభావుడు, అక్కడ నిజంగా వంతెన ఉందా అని అడిగాడు. ఉంది నాయనా, నా కాళ్లతో దాటాను అని రాశాను. చెప్పులు విడిచి మరీ దాటాను. అడుగు పడగానే కింద గొళ్లెం గలగలమంది. గదిలోంచి అత్త, "వస్తున్న కొడకా," అంది.

"నేను అత్తా."

"నువ్వా బిడ్డా? దా, కూసో."

ఎవరు దాటినా అదే మాట. చప్పుడు లేనంతసేపూ నిమ్మళంగా వండుకునేది, చేపలు తోముకునేది, నిద్రపోయేది. చెవి ఒక్కటి అటు ఉంటే చాలు ఆమెకు.

మొన్నటి వానలకు, కొంపల్లిలో ఇళ్ల పనికి పోయే ఒకామె దాని మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. కాలనీవాళ్లు పట్టుబట్టి సిమెంటు పలక వేయించారు. మంచి పనే, ఎవరు కాదంటారు? తలుపును తెచ్చి అత్త గోడకు ఆనించి పోయారు. నేను వెళ్లి మ్యాపులో చెక్క తీసేసి కాంక్రీటు అని దిద్దాను.

అత్త పొయ్యి వెలిగించలేదు. కాలువ గట్టున మంచం వేసుకుని కూర్చుంది. ఏదో ఓదార్చాలని గోడ దగ్గరికి పోయి గొళ్లెం కదిలించాను. అత్త కస్సుమంది.

"నువ్వు కొడ్తే ఏమొస్తది? వచ్చేటోడు కొట్టాలె. గా సిమెంటు మీద వాడొస్తే నాకెట్ల తెలుస్తది? ఇగ ఒక్కొక్కని మొకం సూడాలె."

మంచం అంచున కూర్చున్నాను. పని వదిలినట్టున్నారు, కూలీలు చప్పుడు లేకుండా దాటుతున్నారు. అత్త ఎవరినీ వదలకుండా చూస్తోంది. బావ ఇక లేడని నాకు తెలుసు. ఆ వాగు సంగతీ తెలుసు. అయినా ఒకతను తల వంచుకుని వస్తుంటే, తలెత్తేదాకా నేనూ ఊపిరి బిగబట్టాను.