నల్ల కారు, గిన్నెల పీచు

ఆ వీధిలో ఆమెను అందరూ సూదక్క అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆమె కూడా పలుకుతుంది. రక్తపరీక్షల సెంటర్లో ఆమె ఉద్యోగం. తెల్లవారగానే బయల్దేరి, మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొస్తుంది. చెయ్యి తేలిక. సూది గుచ్చిందో లేదో దూది పెట్టి నొక్కాక గానీ తెలియదని చెప్పుకుంటారు.

మొదట్లో స్కూటర్ మీద తిరిగేది. ఒక వానాకాలం పొద్దున మలుపులో బండి జారి పడింది. మోకాలు చెక్కుకుపోయింది, దాన్ని ఆమె లెక్కచెయ్యలేదు. కానీ రక్తం సీసాలున్న పెట్టె మూత ఊడి, అన్నీ రోడ్డు పాలయ్యాయి. తడిసిన బట్టలతోనే మళ్ళీ ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళి, ఇందాక చాపిన చెయ్యే మరోసారి చాపమని అడగాల్సొచ్చింది. ఒక ముసలాయన ఏమీ అనకుండా చెయ్యి ముందుకు పెట్టాడు. ఆయన ఇంటి మెట్లు దిగి వచ్చాక ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాతే కారు కొంది. అప్పటికే ఇద్దరి చేతులు మారిన చిన్న కారు. రంగు నలుపు.

"నలుపొద్దు. దుమ్ము ఊరికే కనిపిస్తుంది" అన్నాడు భర్త.

"కనిపిస్తే తుడుచుకుంటాను లెండి" అంది ఆమె.

ఆ మాట అంత తేలికైంది కాదని తర్వాత తెలిసింది. తెల్ల కారుకు మురికి పడితే మురికిగా ఉంటుంది, అంతే. నల్ల కారుకు తుడిచినా కనిపిస్తుంది, తుడిచిన గుడ్డ ఎటు తిరిగిందో అది కూడా కనిపిస్తుంది. ఆమె ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. ఎండ తగలకముందే కడగాలి. ముందు నీళ్ళు పోసి ఇసుకంతా జారనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్ళు. పైకప్పు నుంచి కిందికి రావాలి. తడి ఆరకముందే మెత్తటి నూగు గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. చివర్న వ్యాక్స్ పల్చగా రాసి, పొగచూరినట్టు అయ్యాక తుడవాలి. అప్పుడు బానెట్ మీద ఎదురింటి కిటికీ ఊచలతో సహా కనిపిస్తుంది.

ఇదంతా ఆదివారం పొద్దున. ఆ ఒక్క పూటా ఆమె కాళ్ళు ఎవరి మెట్లూ ఎక్కవు. అయినా ఆ పూటను ప్రశాంతంగా గడవనిచ్చినవాళ్ళు లేరు. షాంపూ నురగ మీద ఉండగా కుళాయి ఆగిపోతుంది. వ్యాక్స్ తుడిచి వెనక్కి జరిగి చూసుకునే సమయానికి పైవాటా టీచరమ్మ బాల్కనీలోంచి కాళ్ళపట్టా దులుపుతుంది. "అయ్యో, చూడలేదండీ" అంటుంది. వచ్చే ఆదివారం కూడా అలాగే చూడదు. కరెంటు తీగ మీద పావురాలు కారు ఆరేదాకా ఓపిగ్గా కూర్చుంటాయి.

గుమ్మం ముందు కుర్చీ వేసుకుని అత్తగారు కూర్చుంటుంది. "చంటిపిల్లకి స్నానం చేయించినా ఇంతసేపు పట్టదే అమ్మాయ్" అంటుంది. ఆవిడకు అదొక కాలక్షేపం.

భర్త అచ్చాఫీసులో మెషీన్ మీద పనిచేస్తాడు. గోళ్ళ చుట్టూ సిరా నలుపు వదలదు. ఇంటికి రాగానే ఇసుక కలిసిన సబ్బు వేసి, పీచుతో చేతులు ఎర్రబడేదాకా రుద్దుకుంటాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆమె చూస్తోంది. ఏ మరకైనా పోలేదంటే రుద్దింది చాలలేదని ఆయన నమ్మకం. మంచి మనిషి. మాట తక్కువ. ఇంట్లో పని చెయ్యమంటే చేస్తాడు, చెయ్యమనేదాకా ఆయనకు కనిపించదు.

ఒక శనివారం సాయంత్రం ఆమె కారు దిగేసరికి అది గుర్తుపట్టలేనట్టు ఉంది. ఊరి చివర రోడ్డు తవ్వుతున్నారు. బురద, దాని మీద తారు చుక్కలు, బానెట్ మధ్యలో ఎండిపోయిన పావురం రెట్ట. మర్నాడు ఒక ఫ్యాక్టరీలో కార్మికులకు పరీక్షలున్నాయి, సెంటర్ వ్యాన్ వచ్చి ఎక్కించుకుంటుంది. అంటే కడగడానికి కుదరదు.

"ఈ ఇంట్లో కారెక్కడానికైతే అందరూ తయారు. బకెట్ ఎత్తడానికి మాత్రం నేనొక్కదాన్నే" అంది చెప్పులు విడుస్తూ.

అత్తగారు టీవీ శబ్దం పెంచింది. భర్త పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఆమె వినలేదనుకుంది. ఆయన విన్నాడు.

ఆదివారం ఆమె వెళ్ళాక ఆయన లుంగీ ఎగ్గట్టి దిగాడు. అప్పటికే ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఆమె గుడ్డలు ఎక్కడ పెడుతుందో తెలుసు, తీసి చూశాడు కూడా. పసిపిల్లల ముఖం తుడిచేంత మెత్తగా ఉన్నాయి, వీటితో తారు ఏం పోతుంది అనుకున్నాడు. వంటింట్లో సింకు పక్కన ఆకుపచ్చటి గిన్నెల పీచు కనిపించింది. పక్కనే గిన్నెలు తోమే పౌడర్. రెండూ పట్టుకొచ్చాడు. అత్తగారు కుర్చీ దిగి చెంబుతో నీళ్ళు పోసింది. కొడుకు పని చేస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయింది.

రెట్ట మొండికేసింది. ఆయన అంతకన్నా మొండికేశాడు. మోకాలు బంపర్ మీద ఆనించి, రెండు చేతులా గుండ్రంగా తోమాడు. రెట్ట పోయింది, తారు పోయింది. ఇంత బాగా పోతుంటే మిగతాది మాత్రం ఎందుకు వదలాలని బానెట్ అంతా తోమాడు. నీళ్ళు కొట్టాక తడి మీద కారు నిగనిగలాడింది.

"కొత్తదానిలా ఉందిరా" అంది తల్లి.

ఆయన భోజనం కూడా వాయిదా వేసి, సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. ఆరిన తర్వాత కొంచెం మసగ్గా అనిపించింది. వ్యాక్స్ రాస్తే సరిపోతుందిలే, అది తను వచ్చి రాసుకుంటుందిలే అనుకున్నాడు.

సాయంత్రం ఆమె వీధి చివర వ్యాన్ దిగింది. ఎండ ఏటవాలుగా కారు మీద పడుతోంది. నాలుగిళ్ళ అవతలినుంచే ఆమెకు ఏదో తేడా కనిపించి నడక వేగం పెంచింది. దగ్గరికి వచ్చి వంగి చూసింది. బానెట్ నిండా గీతలే. ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా, సాలెగూళ్ళు పరిచినట్టు. మధ్యలో రెట్ట ఉన్న చోట నలుపు పోయి పలక రంగు తేలింది.

భర్త గుమ్మంలో నిలబడి నవ్వు దాచుకోలేకపోతున్నాడు.

"ఎలా ఉంది?"

ఆమె బానెట్ మీదికి ఇంకా వంగింది. వేలితో మెల్లగా తడిమింది. గరుకు.

"దేంతో తోమారు?"

"పీచుతో. ఎంత మొండిగా ఉందో తెలుసా? చేతులు పడిపోయాయి."

"ఏ పీచు?"

ఆయన నవ్వు సగంలో ఆగింది. "గిన్నెలది" అన్నాడు.

"పాపం, తిండి కూడా తినకుండా తోమాడే" అంది అత్తగారు లోపల్నుంచి.

ఆమె భుజానికున్న సంచి దించి నేలమీద పెట్టింది. "ఇది గిన్నె అనుకున్నారా? మాడిపోయిన గిన్నె అనుకున్నారా? నా కళ్ళముందే ఇన్నాళ్ళుగా ఎలా కడుగుతున్నానో ఒక్కసారైనా చూశారా? చూసి ఉంటే ఆ పీచు ముట్టుకునేవారా?"

"నువ్వే కదా అన్నావు, ఎవరూ చెయ్యరని."

"చెయ్యమన్నాను. చెడగొట్టమన్నానా?"

"చెయ్యకపోతే చెయ్యలేదంటావు. చేస్తే ఇలా చేశారేమంటావు. మరి నేనేం చెయ్యాలి?"

"నన్నడగండి! ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా?"

పైవాటా బాల్కనీలో టీచరమ్మ నిలబడి ఉంది. ఈసారి అన్నీ చూసింది. సూదక్క తలెత్తి చూడగానే లోపలికి వెళ్ళిపోయింది. భర్త బకెట్ బోర్లించి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ రాత్రి ఇద్దరూ అత్తగారి ద్వారా మాట్లాడుకున్నారు. "వాణ్ణి నీళ్ళు కావాలేమో అడగవే" అని ఆవిడ, "కావాలంటే ఆయనే చెప్తారు లెండి" అని ఈవిడ.

మర్నాడు పని ముగించుకుని ఆమె కార్లకు మెరుగుపెట్టే షాపుకు వెళ్ళింది. షాపతను టార్చ్ వేసి చూసి ఈల వేశాడు.

"ఎవరమ్మా ఈ పని చేసింది? పగవాళ్ళా?"

"ఇంట్లోవాళ్ళే" అంది. చెప్పాక ఎందుకో మనసు చివుక్కుమంది. తను తిట్టడం వేరు, ఇతను వెక్కిరించడం వేరు.

మెషీన్‌తో పాలిష్ పెడితే గీతలు చాలావరకు పోతాయని, కానీ వారం దాకా ఖాళీ లేదని అన్నాడు. వారం! ఆ గీతలను పొద్దున్నే స్టీరింగ్ ముందు కూర్చుని వారం రోజులు చూడాలి. ఆమెవల్ల కాలేదు. పాలిష్ మెషీన్ అద్దెకు తెచ్చుకుంది, గీతలు అరగదీసే కాంపౌండ్ ముద్ద డబ్బా కొంది. నరం దొరకని చేతుల్లో నరం వెతికి పట్టుకునే మనిషికి ఇదొక లెక్కా అనుకుంది.

సెలవు పెట్టి మరీ మొదలుపెట్టింది. మొదట ఒక పక్క చిన్న చోటు పట్టింది. మెషీన్ గుర్రుమంటూ తిరిగింది, కాంపౌండ్ తుడిచి చూస్తే సాలెగూళ్ళు లేవు. కింద అసలు నలుపు, లోతుగా, తేటగా. ఆమె ఒంట్లోకి ప్రాణం వచ్చింది. భర్త పనికి వెళ్ళబోతూ కాసేపు నిలబడ్డాడు. మెచ్చుకుంటే ఏమంటుందో, మానేస్తే ఏమంటుందో తెలియక వెళ్ళిపోయాడు.

సగం బానెట్ అయ్యేసరికి ఆమెకు ఆత్రం పట్టుకుంది. బానెట్‌కు రెండు పక్కలా పొడుగ్గా ఒక ఉబ్బెత్తు గీర ఉంటుంది. అలాంటి అంచుల మీద రంగు పల్చగా ఉంటుంది, మెషీన్ ఆనించకూడదు. ఇది కూడా వీడియోలో చెప్పారు. ఆమె వింది కూడా. కానీ సరిగ్గా ఆ గీర మీద పీచు గీతొకటి అడ్డంగా ఉండిపోయింది. ఇంకొక్క తిప్పు తిప్పితే పోతుందనిపించింది. తిప్పింది. పోలేదు. కొంచెం నొక్కింది.

కాలిన వాసన వచ్చింది. మెషీన్ ఎత్తి చూస్తే గీర పొడుగునా జానెడు మేర బూడిద రంగు. నలుపు మొత్తం లేచిపోయి కింది ప్రైమర్ పూత బయటపడింది.

ఆమె మెషీన్ ఆపి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఆ క్షణాన కోప్పడ్డానికి ఒక మనిషి కావాలి. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. టీచరమ్మ స్కూలుకు వెళ్ళింది. పావురాలు కూడా లేవు. ఒళ్ళంతా ఆ తెల్లటి కాంపౌండ్ చిందులే. మెషీన్ తీగను కాలితో తన్నింది, అది వెళ్ళి కుళాయికి చుట్టుకుంది, దాన్ని విడదీయడానికి మళ్ళీ తనే లేవాల్సొచ్చింది.

అత్తగారు కర్ర ఊతంతో దగ్గరికి వచ్చి చూసింది.

"ఇది కొత్తదా?"

"అవును."

"నువ్వే?"

"నేనే."

ఆవిడ కాసేపు ఆ బూడిద మచ్చనే చూసింది. "నువ్వు చేస్తే పొరపాటు. వాడు చేస్తే ఊరంతా వినాలి" అంది. కసిగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. అందుకే ఆమెకు ఎక్కడో తగిలింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె కారు మీద కవర్ కప్పేసింది. ఆయన ఏమీ అడక్కుండానే కవర్ అంచు ఎత్తి చూశాడు. ఇప్పుడు అనాల్సిన మాటలన్నీ ఆయన దగ్గరున్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి వాటికోసమే ఎదురుచూసింది. ఆయన అంటే తను కూడా నాలుగు అనొచ్చు.

ఆయన చాలాసేపు ఆలోచించి, "మా మెషీన్ మీద వాడే నల్ల సిరా ఉంది. మంచి చిక్కటిది. కొంచెం తెచ్చి పూయనా?" అన్నాడు.

"ముట్టుకున్నారంటే చూడండి!" అని ఆమె అరిచిన అరుపుకు అత్తగారు టీవీ ఆపేసింది. ఆయన కంగారుగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ నిలబడ్డ తీరు చూసి ఆమెకు నవ్వొచ్చింది, వచ్చిందని ఒళ్ళు మండింది, విసురుగా లోపలికి వెళ్ళి రెండు కప్పుల్లో టీ పోసింది. ఒకటి ఆయన ముందు టక్కున పెట్టింది. ఆ ఇంట్లో రాజీలు అలాగే జరుగుతాయి.

చివరికి బానెట్‌ను షెడ్డులో ఇచ్చి రంగు వేయించక తప్పలేదు. షెడ్డువాడు కంపెనీ నలుపే వేశానన్నాడు. నీడలో బాగానే ఉంటుంది. పొద్దుటెండలో మాత్రం బానెట్ ఒక నలుపు, పక్క తలుపులు ఇంకో నలుపు. ఆ తేడా ఆమెకు తప్ప ఎవరికీ కనిపించదు. కనిపించదని అందరూ ఓదారుస్తుంటే ఆమెకు ఇంకా చిరాకు.

ఇప్పుడు ఆదివారాలు ఆయన కూడా దిగుతాడు. చక్రాలు మాత్రమే ఆయనవి. అంతకన్నా పైకి చెయ్యి వెళ్ళకూడదని గట్టిగా చెప్పింది. ఆయన నేలమీద చతికిలబడి, టైరు గాడుల్లోంచి రాళ్ళు ఒక్కొక్కటీ తీస్తూ చాలా శ్రద్ధగా చేస్తాడు. ఆయన లేచి వెళ్ళాక ఆమె ఆ చక్రాలను మళ్ళీ కడుగుతుంది. చాటుగా చేద్దామనుకుంటుంది గానీ ఆయన చూస్తూనే ఉంటాడు.

"అక్కడ ఏం వదిలేశాను?" అంటాడు.

"ఏం లేదు. ఊరికే."

"ఏం లేకపోతే ఎందుకు కడుగుతున్నావు?"

ఆమె గుడ్డ జాడిస్తుంది. ఆయన కాసేపు నిలబడి, మళ్ళీ కూర్చుని, అదే చక్రాన్ని రెండోవైపు నుంచి కడగడం మొదలుపెడతాడు. "నీళ్ళు నా మీద పడుతున్నాయండీ" అంటుంది ఆమె. "పక్కకి జరుగు మరి" అంటాడు ఆయన. ఇద్దర్లో ఎవరూ జరగరు.