కుదురుగ కూర్చోలేని మా యారాలు

మా యారాలు పోయిందని మొన్న పొద్దున దవాఖాన నుంచి ఎస్టీడీ బూత్‌కు ఫోనొచ్చింది. ఆమె మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. మహారాష్ట్ర బల్లార్‌పూర్‌ల మా కిరాణా దుకాణం వెనక ఇంట్ల, ఒకే వంటింట్ల ఏండ్లకేండ్లు మసిలినం. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు ఒక్క చోట కాలు నిలుస్తలేదు. బియ్యం చెరిగేది మధ్యల విడిచి వాకిట్లకు పోతున్న. ఎందుకొచ్చిన్నో తెల్వక మళ్ల లోపలికొస్తున్న. రాస్తెనన్న కొంచెం కూర్చుంటనేమో అని రాస్తున్న.

ఇద్దరికీ కీళ్లవాతమే. ముందు ఆమెకు, తర్వాత నాకు. "ఇది పూర్తిగ పోయేది కాదు, మందులు వాడుకుంట బతకాలె," అని చంద్రపూర్‌ల డాక్టరు అంటే నేను ఏడ్చిన. ఆమె మాత్రం, "బతకాలె అన్నడు గని, ఎట్లనో చెప్పలే," అని బస్సుల దారి పొడుగునా గొణిగింది.

ఎట్లనో ఆమెనే వెతుక్కున్నది. ఆదివారం సాయంత్రాలు బుద్ధ విహారంల ఒక రిటైర్డ్ మాస్తరు, మరాఠీ ఆయన, తీరని నొప్పులున్నోళ్లను కూర్చోబెట్టి శ్వాస మీద ధ్యాస పెట్టించేటోడు. బొగ్గు గనిల నడుం దెబ్బతిన్న ఒకాయన, షుగరుతోని అరికాళ్లు మండే ఒక పెద్దమ్మ, ఇంక కొందరు వచ్చేటోళ్లు.

"ఆ విహారానికి మనమెందుకు?" అన్నది మా అత్త.

"నొప్పికి మనోళ్లు, పరాయోళ్లు తెల్వదత్తమ్మా," అని అక్క చెప్పులేసుకుంది. నన్ను సుత తీసుకపోయింది.

ఆమె కూర్చుంటే చూడాలె. కాలు చాపుతది, ముడుస్తది, కొంగు సర్దుతది, దగ్గుతది. ఒకనాడు అందరం కండ్లు మూసుకొని ఉంటే, "మోకాలు మండుతుంది," అని పైకే అన్నది. నాకు సిగ్గయింది. మాస్తరు కండ్లు తెరిచిండు.

"మనసు నిలుస్తలేదు గురూజీ," అన్నది.

"నిలపకుండ్రి బాయి. ఎటు పోతుందో చూడుండ్రి," అన్నడాయన మరాఠీల.

జరసేపటికి గనిల పనిజేసినాయన, "నాకు నడుం," అన్నడు మెల్లగ. "నాకు అరికాళ్లు," అన్నది పెద్దమ్మ. ఒక్కొక్కరే చెప్పుకుంట వంతు నాదాకా వచ్చింది. "నాకు భయం," అన్న. ఆ మాట అప్పటిదాకా ఇంట్ల ఎవరికీ చెప్పలే. ఆనాటి నుంచి కూర్చునే ముందు అందరం అట్ల చెప్పుకునుడు మొదలైంది. నొప్పి అయితే తగ్గలే. దాచుకునే బరువు తగ్గింది.

ఒక వానకాలం నా చేతులు వాచి దువ్వెన సుత పట్టలేకపోయిన. మంచం దిగుడు మానేసిన. అన్నం వద్దన్న. "నన్ను ఇడిసిపెట్టు అక్కా," అన్న. ఆదివారం ఆమె విహారమోళ్లందరినీ ఇంటికే తోలుకొచ్చింది. మా అత్తనే వాళ్లకు చాపలు పరిచింది.

"నువ్వు పండుకొనే ఉండు చెల్లె. నీ వంతు మేం కూర్చుంటం," అన్నది అక్క.

కూర్చున్నదెక్కడ? కొంచెం సేపటికే లేచి, మోకాలు పట్టుకుంట నా మంచం చుట్టూ తిరుగవట్టింది. మాస్తరు అడ్డం చెప్పలే. "అడుగు పడేది తెలుసుకుంట నడువుండ్రి," అన్నడంతే. వాళ్ల ఊపిరి, ఆమె కాళ్లీడ్చే చప్పుడు వినుకుంట, చానా దినాలకు ఏడవకుండ నిద్రపోయిన. తెల్లారి నా నోటితోని నేనే గంజి అడిగిన.

ఈ ఏడు ఆమెకు కిడ్నీలు చెడినయి. పోయిన వారం దవాఖానకు పోతే ముఖమంతా ఉబ్బి ఉండె.

"ఇన్నేండ్లు కూర్చుంటివి. శాంతం దొరికిందా అక్కా?" అని అడిగిన.

"ఏడ దొరుకుతది," అని నవ్వింది. "వెతుక్కుంట అందరం కలిసి పోయినం. అది మంచిగుండె."

తర్వాత లేపి కూర్చోబెట్టుమన్నది. వీపు వెనక దిండు పెట్టి కిటికీ దిక్కు తిప్పిన. అవతల బొగ్గు బండి పోతుండె, డబ్బా వెనక డబ్బా. ఆఖరి డబ్బా దాటినంక సుత ఆమె అటే చూస్తుండె. అప్పుడే వెలిసిన వానకు తడిసిన పట్టాలు, ఎండపొడకు మెరుస్తుండె.