ముప్పై నంబరుకు ఇద్దరు హక్కుదారులు

అరబ్బు పట్టణం ఇర్బిద్‌లోని నీటి కార్యాలయంలో రుదైనా బతాయ్‌నె మొదట టైపిస్టుగా చేరింది. పై అంతస్తులో యూనిక్స్‌తో నడిచే కంప్యూటరు యంత్రం దిగిన ఏడు, దాని దగ్గర కూర్చోవడానికి మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. ఆ గదిలో ఏసీ చలికి కీళ్లు పట్టేస్తాయని వాళ్ల భయం. రుదైనా స్వెటర్ తెచ్చుకుని కూర్చుంది. పని నేర్పినవాడు ఇంజనీరు అబూ సనద్. నోరు దురుసు, చేతిపని శుభ్రం. ఆరేళ్లు నేర్పి, పంతొమ్మిది వందల తొంభై మూడు వసంతంలో పదవీ విరమణ చేశాడు. డైరెక్టరు తన పేరు తప్పుగా పలికాడని అలిగి, వీడ్కోలు టీకి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ ఏడాది ఆలివ్‌లు కోసే రోజుల్లో, జలాశయాల మట్టం చదివే, యంత్రంలో బిగించే కొత్త కార్డు వచ్చింది. దాన్ని యంత్రం గుర్తించాలంటే కెర్నెల్‌ను, అంటే యంత్రం బాగోగులన్నీ చూసుకునే మూల ప్రోగ్రామును, మళ్లీ కట్టాలి. డిస్కు, ప్రింటరు, టేపు ఇలా ప్రతి పరికరాన్నీ నడిపే డ్రైవర్ ఒకటుంటుంది. ప్రతి డ్రైవర్‌కూ ఒక నంబరు. కెర్నెల్ ఆ నంబరు చూసే పని అప్పగిస్తుంది.

రుదైనా కొత్త డ్రైవర్‌ను నంబర్ల పట్టికలో చేర్చి కెర్నెల్ కట్టడం మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలకే అది ఆగిపోయింది. ముప్పై నంబరును రెండు డ్రైవర్లు అడుగుతున్నాయని తెర మీద పడింది. ఒకటి కొత్త కార్డుది. రెండోది ఫైళ్ల కాపీ తీసే టేపుది, అబూ సనద్ తన చేత్తో రాసింది.

మట్టాల విభాగం షాహెర్ అప్పటికే మూడుసార్లు వచ్చిపోయాడు.

"ఏంటమ్మా ఇంతసేపు? పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?"

"ముప్పై నాదంటే నాదని ఇద్దరు కూర్చున్నారు."

"ఒకణ్ణి లేపెయ్."

"కొత్తది లేవదు. కంపెనీవాళ్లు నంబరు లోపలే బిగించి పంపారు."

"అయితే పెద్దాయనదే లేపు. ఆయనేమైనా వచ్చి చూస్తాడా?"

మార్చే అధికారం ఆమెకుంది. పట్టికలో ఒక్క అంకె దిద్దితే కెర్నెల్ కట్టడం పూర్తవుతుంది కూడా. కానీ ఆ ముప్పైని ఆయన ఇంకెక్కడెక్కడ రాసిపెట్టాడో ఆమెకు తెలియదు. పైగా ఆయన అలిగి వెళ్లినప్పటినుంచీ ఒక్కసారైనా పలకరించలేదన్న గిల్ట్ ఒకటి లోపల గుచ్చుతోంది. మర్నాడు సాయంత్రం అరకిలో హరీసె మిఠాయి కట్టించుకుని ఆయనింటికి వెళ్లింది.

అబూ సనద్ వసారాలో పీట వేసుకుని పచ్చి ఆలివ్‌లను రాయితో చితక్కొడుతున్నాడు. ఆయన భార్య ఉమ్ సనద్ కాఫీ తెచ్చింది.

"ఎనిమిది నెలలకి గుర్తొచ్చానా?" అన్నాడు తలెత్తకుండా.

"తప్పు నాదే ఇంజనీరు గారూ. రావాల్సింది."

"సరే, ఏం చెడగొట్టావ్?"

చెప్పింది. రాయి ఆగింది.

"అంటే నన్ను ఆఫీసులోంచి పంపింది చాలక, నా నంబరునీ ఖాళీ చెయ్యమంటున్నారా?"

"ఆయన మాటలు పట్టించుకోకమ్మాయ్," అంది ఉమ్ సనద్. "పొద్దుట్నుంచీ ఎవరూ దొరక్క నాతో పోట్లాడుతున్నాడు."

అబూ సనద్ నవ్వలేదు. కాఫీ సగం తాగాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"యంత్రం లేచేటప్పుడు నడిచే ఫైలు చూశావా?"

"లేదు."

"అందులో ఉంది. లేచిన ప్రతిసారీ యంత్రంలో టేపుకున్న పేరు చెరిపేసి, ముప్పై నంబరుతో మళ్లీ తయారుచేస్తుంది. ఒకసారి ఆ పేరు పాడైతే, కారణం వెతకడానికి బద్ధకించి అలా రాసేశా. ఎవరికీ చెప్పలేదు."

రుదైనా కప్పు కింద పెట్టింది. పట్టిక మాత్రమే దిద్ది ఉంటే, సాయంత్రం కాపీకోసం టేపుకు పంపినదంతా మట్టాల కార్డు నెత్తిన పడేది.

"నీకు శుభ్రంగా పనిచెయ్యమని చెప్పినవాణ్ణి నేనే," అన్నాడాయన, ఆలివ్‌ల గిన్నెలోకి చూస్తూ.

"మీరు చెప్పబట్టే అడగడానికొచ్చాను."

ఆయన మళ్లీ రాయి అందుకున్నాడు. "నలభై ఏడు ఖాళీగా ఉంటుంది. అక్కడ పెట్టు. పాత కెర్నెల్‌ని వేరే పేరుతో దాచుకున్నాకే చెయ్."

మర్నాడు ఆమె అలాగే చేసింది. పట్టికలో, ఆయన రాసిన డ్రైవర్‌లో, యంత్రం లేచే ఫైలులో, మూడుచోట్లా నలభై ఏడు రాసింది. ఈసారి కెర్నెల్ కట్టడం ఆగకుండా పూర్తయింది. యంత్రాన్ని ఆపి లేపింది. కిందటి గురువారం కాపీ తీసిన టేపు పెట్టి చదివిస్తే ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే దిగాయి. ఆ తర్వాత మూడు జలాశయాల మట్టాలు తెర మీదికొచ్చాయి. షాహెర్ కళ్లజోడు సర్దుకుని, రెండోదానిలో నీళ్లు మరీ తక్కువున్నాయని విసుక్కుంటూ ఫోనువైపు పరుగెత్తాడు. ఆమెకు థాంక్స్ చెప్పడం మరిచిపోయాడు.

ఆ వారమే రుదైనా ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. ఏ నంబరు ఏ డ్రైవర్‌ది, అది ఇంకా ఏయే ఫైళ్లలో ఉంది, ఎవరు ఎందుకు పెట్టారు అన్నీ రాసింది. సంగతి తెలిసి పక్క ఊళ్లు అజ్లూన్, మఫ్రక్ నీటి కార్యాలయాలవాళ్లు కూడా కొత్త పరికరం వస్తే ముందు ఆమెకే ఫోను చేసేవారు. నంబర్లను యంత్రాలు తామే పంచుకునే కాలం వచ్చేదాకా, పదేళ్లపాటు, ఆ ఫోను మోగుతూనే ఉంది.

"సిత్ రుదైనా, ఇరవై రెండు తీసుకోమంటారా?" అని, అమ్మగారూ అన్నంత మర్యాదగా, అడిగేవాడు మఫ్రక్ కార్యాలయం కుర్రాడు.

"ముందు మీ దగ్గర ఇదివరకు పనిచేసినవాళ్లెవరో వాళ్లనడిగి రా నాయనా," అనేది ఆమె. "ఫోను కాదు, ఇంటికెళ్లి అడుగు."