మరియమ్మ అన్న మాట

అనుమానం పెనుభూతం అంటారు గానీ, మంత్రసాని దేవకుమారికి అన్నం పెట్టింది అదే. వేడినీళ్ళు ఎవరు కాచి ఇచ్చినా మళ్ళీ తనే మరగబెట్టేది. బ్లేడు మీద కాగితం కాస్త చిరిగి ఉన్నా విసిరికొట్టేది. రావులపాలెం చుట్టుపక్కల ఆ అనుమానం పుణ్యమా అని బతికిన పిల్లలు బోలెడుమంది.

తొంభై ఆరు వేసవిలో ఒక మధ్యాహ్నం, జైనాబీ కోడలు షకీలాకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. తొలి కాన్పు. దేవకుమారి వెళ్ళేసరికి జైనాబీ మంచం పక్కన కూర్చుని ఖురాన్ చదువుతూ, గిన్నెడు ఖర్జూరాల మీద ఊదుతోంది.

"ఏంటండీ అది?"

"మరియం సూరా అండి, ఖురాన్‌లో మరియమ్మ గురించిన అధ్యాయం. ఇది చదివి ఈ పళ్ళు తినిపిస్తే కాన్పు సులువవుతుందండి."

ఏ ఆదివారమూ చర్చి మానని దేవకుమారికి ఒళ్ళు మండింది. మా మరియమ్మతో వీళ్ళకేం పని? పళ్ళ మీద ఏం ఊదారో ఎవరికి తెలుసు? జైనాబీ నీళ్ళకు లేవగానే గిన్నెను మంచం కిందకు తోసేసింది. ఆవిడ రాగానే ఆరా మొదలుపెట్టింది.

"మీకు యేసు ప్రభువంటే ఎవరండీ?"

"ఈసా ప్రవక్త అంటామండి. చాలా గొప్పవాడు. దేవుడి కొడుకు మాత్రం కాదు."

"మరి ఎక్కడ పుట్టాడంటారు? పశువుల పాకలోనేనా? పక్కన యోసేపు ఉన్నాడా?"

"పాకా లేదు, యోసేపూ లేడండి. ఊరికి దూరంగా ఖర్జూరపు చెట్టు కింద ఒక్కత్తే కంది."

కథంతా మార్చేశారని దేవకుమారి మనసులోనే తీర్పు చెప్పేసింది. ఇంతలో షకీలా మంచం పట్టె పట్టుకుని అరిచింది.

"అమ్మీ, నేను చచ్చిపోయినా బావుణ్ను!"

"నోర్ముయ్! ఆ మాట అనడం పాపం" అని కసిరింది దేవకుమారి.

పిల్ల బెదిరి బిగుసుకుపోయింది. నొప్పులు ఆగిపోయాయి. గంటైనా కదలిక లేదు.

"అననివ్వండి దేవకుమారమ్మా" అంది జైనాబీ, కోడలి తల నిమురుతూ. "మరియమ్మే అంది ఆ మాట. ఇంతకు ముందే చచ్చిపోయినా బావుణ్ను అని ఏడ్చింది. మా పుస్తకంలో ఉందండి."

దేవకుమారి చెయ్యి ఆగింది. ముప్ఫై ఏళ్ళ కిందట, నాట్లకు వెళ్ళి వస్తూ చేనుగట్టు మీద ఒంటరిగా తొలి కూతుర్ని కన్నప్పుడు తనూ అదే అంది. అది పాపమని అప్పటినుంచీ ప్రతి ఆదివారం క్షమాపణ అడుగుతూనే ఉంది. మరియమ్మ నొప్పులు పడిందని ఏ పాస్టరు గారూ చెప్పగా వినలేదు.

"అలా అన్నందుకు దేవుడు తిట్టలేదాండీ?" నమ్మీ నమ్మకుండానే అడిగింది.

"లేదండి. బెంగపడకు, చెట్టు ఊపు, పళ్ళు తిను, నీళ్ళు తాగు అని పిలుపొచ్చింది."

దేవకుమారి వంగి మంచం కిందనుంచి గిన్నె బయటికి లాగింది. జైనాబీ చూసింది. దేవకుమారికి సిగ్గేసింది. గింజ తీసి పండును షకీలా నోట్లో పెట్టింది.

"అరుచుకోమ్మా. ఏమనాలనిపిస్తే అది అను."

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసే ముందు దేవకుమారి బ్లేడు కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుంది.

ఆ ఆదివారం చర్చిలో మోకరించి, అలవాటు కొద్దీ క్షమాపణ అడగడానికి నోరు తెరిచింది. అడక్కుండానే లేచి వచ్చేసింది.