డబ్బాలో కుస్తీ

మొన్న ఆదివారం మా అల్లుడు టీవీకి ఏదో చిన్న డబ్బా తగిలించి, తన తమ్ముడితో కుస్తీ ఆట మొదలుపెట్టాడు. వాళ్ళ దగ్గర కొత్త ఆటలు బోలెడున్నాయి, వాటిలో పహిల్వాన్ల ఒంటి మీద చెమట కూడా కనబడుతుంది. ఇదేమో నేను కాలేజీలో చదివే రోజుల నాటిది. అందులో మనుషులకు ముక్కూ మొహం సరిగా ఉండదు. "ఇంత పాతది ఎందుకయ్యా?" అని అడిగితే, తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "దీని మజా వేరే అత్తమ్మా" అన్నాడు. దాని మజా నాకే చెబుతున్నాడు! ఆ ఆటను మా హన్మకొండ బజారుకు తెచ్చిందే మా చిన్నాయన. దాని ముందు నిలబడి తెరలోని పహిల్వాన్‌ను నానా మాటలూ తిట్టింది మా తాత.

మా తాత ఖిలా వరంగల్‌లో కుస్తీ నేర్పే తాలీం నడిపేవాడు. ఎర్రమట్టిని జల్లించి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి పదును చేసేవాడు. ఆయన ఇంట్లోకి వస్తుంటే ముందు ఆ వాసన వచ్చేది. ఆయన దగ్గర తయారైన వాళ్ళలో చిన్నాయనే గట్టివాడు. కానీ పరకాల కుస్తీ పోటీలో తాతే తీర్పరిగా ఉన్న రోజు చిన్నాయన కింద పడ్డాడు. భుజమే తాకిందని జనం, వీపు తాకిందని తాత. వీపు మన్నుకు తాకితే మా వైపు కుస్తీ అయిపోయినట్టే. కొడుకని వదిలేశాడంటారనే భయంతోనో ఏమో, తాత వెంటనే ఎదుటివాడి చెయ్యి పైకెత్తాడు. చిన్నాయన ఒళ్ళు దులుపుకొని బయటికి నడిచాడు. మళ్ళీ తాలీం గడప తొక్కలేదు, తాతతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే వరసలో కూర్చుని అన్నం తినేవాళ్ళు. "మీ తాతను ఉప్పు అడుగు", "మీ చిన్నాయనకు ఇయ్యి" అంటూ ఇద్దరూ నా మీదుగా బతికారు. ఆ ఇంట్లో నాకు తపాలా బంట్రోతు ఉద్యోగం పుట్టుకతోనే వచ్చినట్టుండేది. నవ్వులాటకు అంటున్నాను గానీ, మా బాపమ్మ ఆ దిగులుతోనే సగమైపోయింది. వాళ్ళు ఒక్కసారి ఎదురెదురుగా మాట్లాడుకుంటే చాలని ఎన్ని మొక్కులు మొక్కిందో.

తర్వాత తాలీంకు వచ్చేవాళ్ళు పలచబడ్డారు. చిన్నాయన చౌరస్తా దగ్గర వీడియో గేమ్ దుకాణం పెట్టాడు. నిలువెత్తు పెట్టెలు, వాటికి పిడులు, బటన్లు. అన్నిటికన్నా గిరాకీ కుస్తీ పెట్టెదే. మిగతావాటి ముందు ఒక్కొక్కరే నిలబడి తమలో తాము గొణుక్కునేవాళ్ళు. దీని ముందు మాత్రం ఇద్దరు మోచేతులు రాసుకుంటూ నిలబడేవాళ్ళు, వెనక ఉన్నవాళ్ళు ఎగదోసేవాళ్ళు. విత్తనాలు కొనడానికి బజారుకొచ్చిన రఘునాథపల్లి రైతులు కూడా సంచీ కింద పెట్టి ఒక చెయ్యి వేసి పోయేవాళ్ళు. కాలేజీ అయ్యాక నేను అక్కడే గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని.

తాలీంకు రావలసినవాళ్ళంతా ఆ డబ్బా ముందే ఉంటున్నారని ఎవరో చెవిన వేస్తే, తాత ఒకరోజు వాళ్ళను దులపడానికి వచ్చాడు. కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. చివరికి చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టి, నేలను తాకి చెయ్యి నుదుటికి అద్దుకొని, పిడి పట్టుకున్నాడు. పెద్దవేళ్ళయినా ఒడుపు ఉంది. ఎదుటివాణ్ణి ఇట్టే ఎత్తి పడేశాడు. పడేసి, ఇక గెలిచాననుకొని, చేతులు తీసేసి వెనక్కి నిలబడ్డాడు. ఆ ఆటలో పడేస్తే సరిపోదు. మీద పడుకొని, రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా అదిమి పట్టాలి. తెరలోని వాడు నిక్షేపంగా లేచి వచ్చి తాత పహిల్వాన్‌ను చితకబాదాడు. "వీపు మన్నుకు తాకినంక మల్ల లేస్తాండేందే! వీనికి జర్రంతన్న ఇజ్జత్ ఉన్నదా?" అని తాత నా మీద అరిచాడు.

ఆ కోపంతోనే రోజూ రావడం మొదలుపెట్టాడు. రోజూ అదే తప్పు. పడేయడం, వెనక్కి నిలబడడం, తన్నులు తినడం. "మీ తాతకు చెప్పు, పడ్డోని మీద పండుకొమ్మను" అనేవాడు చిన్నాయన. "పడ్డోన్ని ముట్టుడు మా తాలీంల లేదని చెప్పు" అనేవాడు తాత. ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేరు. "ఈ డబ్బల మనిషితోని నాకు గాదు. ఖాయిదా తెలిసినోడు గావాలె" అన్నాడు తాత, నా వైపు చూస్తూనే. నాకు తాలీం నియమం తెలుసు గానీ ఆట రాదు. చిన్నాయన రుమాలుతో చేతులు తుడుచుకొని వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ సమానంగానే పోరాడారు. తర్వాత తాత, చిన్నాయన పహిల్వాన్‌ను ఎత్తి వేశాడు. వేసి, అలవాటు ప్రకారం చేతులు తీసేశాడు. బటన్ ఒత్తితే చిన్నాయన లేవగలడు. లేచి నాలుగు తగిలిస్తే ఆట తనదే. కానీ చిన్నాయన కూడా చెయ్యి తీసేశాడు. ఒకడు పడుకొని, ఒకడు నిలబడి, ఆ పెట్టె వట్టినే పాట వాయిస్తూ ఉంది.

"లే బిడ్డా" అన్నాడు తాత, ఈసారి నాతో కాదు. "నీ వీపు తాకలే. పరకాలల గూడ తాకలే. నేనే తొందరవడ్డ."

చిన్నాయన మళ్ళీ పిడి పట్టుకున్నాడు. "లేస్తాన బాపూ" అని బటన్ ఒత్తాడు.

లేచి గెలిచాడు కూడా. తాత ఒప్పుకోక ఇంకో ఆట అన్నాడు. ఆ రోజు దుకాణం కట్టేదాకా ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు, నన్ను ఎవరూ ఏదీ చెప్పమనలేదు. మా బాపమ్మకు ఈ సంగతి చెప్పడానికి నేను ఇంటికి పరుగు తీశాను. ఆ తర్వాత తాత ఎక్కువ కాలం లేడు. వాళ్ళు మాట్లాడుకున్న రోజులకన్నా మాట్లాడుకోని ఏళ్ళే ఎక్కువ.