పళ్లెం దాకా పరీక్షించిన గుర్రం

1996లో నన్ను కొరాపుట్ నుంచి రాయగడకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు పొడుగే గాని, పశువుల డాక్టర్లలో అది మొదటి మెట్టు. నా పైన సబ్ డివిజన్ అధికారి, ఆయన పైన జిల్లా అధికారి. నా కింద ఒక అటెండరు. మా దగ్గరకు వచ్చేవి ఆవులు, మేకలు, మహా అయితే తెగులు తగిలిన కోళ్లు. గుర్రాన్ని కాలేజీలో చూడడమే, మళ్లీ ముట్టుకున్న పాపాన పోలేదు. అందుచేత చింతపండు హోల్‌సేల్ వ్యాపారి కామేశంగారు వచ్చి, గుర్రం కొంటున్నాను, చూసి పెట్టాలి అన్నప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది.

గుర్రం ఎందుకయ్యా అంటే రెండో అమ్మాయి పెళ్లికి. మగపెళ్లివారు ఊరేగింపుకి గుర్రం ఉండి తీరాలన్నారు. అద్దెకు తేవచ్చు గాని, అద్దె గుర్రమంటే ఆయనకు గుండెల్లో రాయి పడుతుంది. పెద్దమ్మాయి పెళ్లిలో అద్దె గుర్రం టపాకాయలకు బెదిరి, పెళ్లికొడుకుని మోసుకుపోయి కూరల బజారులో వంకాయల గుట్ట మీద దింపింది. ఎముకలు విరగలేదు. పరువు ఒక్కటే విరిగింది. ఊరు ఆ పెళ్లికొడుక్కి ‘వంకాయల అల్లుడు’ అని పేరు పెట్టేసింది.

ఆ అల్లుడికి గుణుపురంలో బట్టల కొట్టు. ఆ రోజు అలిగి వెళ్లిన మనిషి మళ్లీ అత్తవారి గడప తొక్కలేదు, భార్యను పంపనూ లేదు. మళ్లీ గుర్రమా, అయితే మరదలి పెళ్లికి కూడా రాము అని కబురు చేశాడు. కామేశంగారి భార్య రత్నాలమ్మ నా ఎదుటే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“పెద్దమ్మి రాకండా సిన్నమ్మికి పెళ్లేటి బాబూ? నా సేతుల్తో ఆ పిల్లకి గాజులు తొడిగి ఎన్నాళ్లయింది!”

కామేశంగారి లెక్క వేరు. ఈసారి గుర్రం బుద్ధిగా నడిస్తే పాత గుర్రం మాట ఊరు మరిచిపోతుంది, అల్లుడూ మెత్తబడతాడు. అదీ ఆయన ఆశ.

బొబ్బిలి వైపు నుంచి సన్యాసి అనే అతను గోధుమరంగు ఆడగుర్రాన్ని తెచ్చాడు. పెళ్లిళ్లలో ఆరితేరిందన్నాడు. ఆసుపత్రి ఆవరణలో నా చదువంతా దాని మీద ప్రయోగించాను. గుర్రం వయసు కింది ముందుపళ్లలో తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ వాటి మీది నల్లని గుంటలు అరిగిపోతాయి. పళ్లు చూశాను. కంటి ముందు చెయ్యి ఆడించి చూపు చూశాను. గట్టి నేల మీద దుడుకు నడక నడిపించి, తల ఎగరేస్తుందేమో గమనించాను. కాలు నొప్పి ఉన్న గుర్రం తల ఎగరేస్తుంది. పరుగెత్తించి ఊపిరి విన్నాను. చివరికి చెవి పక్కన డబ్బా వాయించాను. అది నన్ను జాలిగా చూసింది. ఏ లోపమూ లేదు, శబ్దాలకు బెదరదు అని రాసి సంతకం పెట్టాను.

కామేశంగారు కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. “పైనున్న సరుకు బాగానే ఉంది బాబూ. బస్తా అడుగు సూడాల కదేటి?” అన్నారు.

చింతపండు వ్యాపారంలో అది నియమం. పైన నిగనిగలాడే పండు పెట్టి, అడుగున గింజా రాయీ కూరేవాళ్లుంటారు. అందుకని బస్తాను పట్టా మీద బోర్లించి అడుగుదాకా చూసిగాని బేరం చెయ్యరు. గుర్రాన్ని బోర్లించలేం కనుక, పెళ్లి ఊరేగింపునే పూర్తిగా నడిపించి చూడాలన్నారు. అసలు బ్యాండు, అసలు టపాకాయలు, ఇంటి ముందు అసలు హారతి. ఒక్క పెళ్లికొడుకే నకిలీ.

ఆ నకిలీ ఎవరన్నది పెద్ద చిక్కయింది. పెళ్లయినవాడికి మళ్లీ బాసికం కడతామంటే భార్యలు చీపుళ్లు అందుకున్నారు. కానివాడికి కడతామంటే తల్లులు దిష్టి దిష్టి అని కేకలు పెట్టారు. పెళ్లి కాకుండా, అడ్డుపడే తల్లి ఊళ్లో లేకుండా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. పైగా బెదరదని సంతకం పెట్టిన పెద్దమనిషిని. కాదంటే నా సంతకం మీద నాకే నమ్మకం లేనట్టవుతుంది.

సాయంత్రం బాసికం కట్టి, గుర్రమెక్కించి, మావాళ్ల పెళ్లికొడుకులకు ఇచ్చినట్టే రెండు చేతుల్లో కొబ్బరిబొండం పెట్టారు. కళ్లెం సన్యాసి పట్టుకున్నాడు. బ్యాండు మోగింది, టపాకాయలు పేలాయి, గుర్రం దేవుడి రథంలా నిదానంగా కదిలింది. నేనూ ఠీవిగానే కూర్చున్నాను. అంతలో మా సబ్ డివిజన్ అధికారి స్కూటరు మీద ఎదురొచ్చి ఆగాడు. సెలవు పెట్టకుండా పెళ్లి చేసుకుంటున్నావా అని హిందీలో గద్దించాడు. మా అటెండరు చేతులు కట్టుకుని, ఒరియావాళ్లు పైవాళ్లను పిలిచే మర్యాదతో, “ఆజ్ఞా, ఇది పెళ్లి కాదు, పరీక్ష” అన్నాడు. రెండింటికీ తేడా ఏముందంటూ ఆయన స్కూటరు తిప్పుకుని ఊరేగింపు వెనకాలే వచ్చాడు.

కామేశంగారి ఇంటి ముందు రత్నాలమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడింది. పక్కన ఇంకో పళ్లెంలో బెల్లం, అరటిపళ్లు. ఇక్కడే బస్తా అడుగు బయటపడింది. ప్రతి పెళ్లిలోనూ హారతి కాగానే ఈ గుర్రానికి బెల్లం పెడతారట. పళ్లెం కనబడడమే ఆలస్యం, తల అమాంతం కిందికి వంచేసింది. నా రెండు చేతులూ బొండం మీద ఉన్నాయి. గుర్రం మెడ మీదుగా జర్రున జారి, ఎర్రనీళ్ల పళ్లెంలో చతికిలబడ్డాను. బొండం మాత్రం వదల్లేదు. గుర్రం నా భుజం మీదుగా బెల్లం అందుకుని నమలసాగింది.

వీధి వీధంతా నవ్వింది. అందరికంటే పెద్ద నవ్వు ఎదురు కొట్టు అరుగు మీంచి వచ్చింది. పంచె పైకి దోపుకుని ఒకతను పరుగెత్తుకొచ్చాడు. “నానైతే వంకాయల మీద పడ్డాను. డాక్టరు బాబు ఎర్రనీళ్లలోనే దిగిపోనారు!” అంటూ నన్ను లేవనెత్తి, నా చెయ్యి తన భుజాన వేసుకుని, కడుక్కోవడానికి ఇంట్లోకి నడిపించాడు. నూతి దగ్గరకు వెళ్లాకగాని అతనికి తట్టలేదు, తాను అత్తవారి గడప దాటేశానని. అప్పటికే రత్నాలమ్మ కాఫీ గ్లాసుతో దారికి అడ్డంగా నిలబడింది.

గుర్రాన్ని కొన్నారు. పెళ్లిలో కళ్లెం పట్టుకున్నది పెద్దల్లుడే. హారతి పళ్లెం రాకముందే గుర్రానికి గుప్పెడు బెల్లం పెట్టి, తోడల్లుణ్ని క్షేమంగా దింపాడు. పెద్దమ్మాయి చేతినిండా కొత్త గాజులతో వడ్డనలో తిరిగింది. చూసి నా కళ్లు చెమర్చాయి. ఊరు పెద్దల్లుడి వంకాయల పేరు మరిచిపోయింది. నేను మళ్లీ బదిలీ అయ్యేదాకా రాయగడలో నన్ను ‘బొండం డాక్టరు’ అన్నారు.

ఆ భోజనాల దగ్గరే రత్నాలమ్మ నా విస్తట్లో ఇంకో బూరె వేస్తూ గొంతు తగ్గించింది.

“పెద్దల్లుడికి నానే కబురెట్టేను బాబూ. డాక్టరు గుర్రమెక్కుతున్నాడు, పడతాడు, వచ్చి సూడండని.”

పడతానని మీకెలా తెలుసమ్మా అన్నాను.

“రెండు సేతుల్తో బొండం అట్టుకున్నోడు పడక సస్తాడేటి!”

తరవాత సర్వీసంతా నేనిచ్చిన ప్రతి ధ్రువపత్రంలోనూ ఏ పని దాకా పరీక్షించానో రాసేవాణ్ని. చూడనిదాని గురించి సంతకం పెట్టలేదు. గుర్రం కొనేవారికి చెప్పేది కూడా అదే. ఏ పనికి కొంటున్నారో ఆ పని ఆఖరి మెట్టు దాకా చేయించి చూడండి. ఎక్కి కూర్చోవడం మాత్రం అమ్మేవాడికే వదిలేయండి.